బంగారు అన్వేషణ కంపెనీని విజయనగరానికి మార్చి, పేరు కూడా మార్చవచ్చా?

ప్రశ్న: మాది విజయనగరం. నేను పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయురాలిని. మావారు, మా మరిది, మరికొందరు బంధువులు కలిసి 2011లో హైదరాబాదులో ఒక చిన్న ప్రైవేటు లిమిటెడ్ కంపెనీ పెట్టారు. అనంతపురం వైపు బంగారు నిక్షేపాలు వెతకడానికి వేలంలో ఆ కంపెనీకి ఒక కాంపోజిట్ లైసెన్సు (అన్వేషణకూ, తర్వాత తవ్వకానికీ కలిపి ఇచ్చేది) వచ్చింది. మావారు 2022లో కాలం చేశారు. ఆయన స్థానంలో నన్ను డైరెక్టరుగా తీసుకున్నారు. ఆయనకు 18 శాతం, మా మరిదికి 46 శాతం, మా ఆడపడుచు కొడుకుకు (మా మేనల్లుడికి) 12 శాతం, మిగిలినవారందరికీ కలిపి 24 శాతం వాటాలున్నాయి. హైదరాబాదులో అద్దె కట్టలేకపోతున్నామని, ఆఫీసును మా ఇంటి ముందు గదిలోకి మార్చి, కంపెనీకి కొత్త పేరు పెడదామని మా మరిది అంటున్నారు. కొత్త పేరు వస్తే పాత బాకీల తలనొప్పి కూడా తగ్గుతుందని ఒకసారి అన్నారు. డ్రిల్లింగు చేసిన కాంట్రాక్టరుకు ఇంకా సుమారు పద్నాలుగు లక్షలు ఇవ్వాలి. రెండేళ్లుగా లెక్కలు దాఖలు చేయలేదని కూడా విన్నాను. పేరు మారితే లైసెన్సు రద్దయి మళ్లీ వేలం వేస్తారని మా మేనల్లుడు భయపెడుతున్నాడు. నన్ను కొన్ని కాగితాల మీద సంతకం పెట్టమంటున్నారు. ఏం చేయమంటారు?

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. సంతకం పెట్టకముందే అడిగారు, చాలా మంచి పని చేశారు. మీ మరిదిగారి మాటలోను, మీ మేనల్లుడి భయంలోను ఒకే పొరపాటు ఉంది. పేరు మారితే కంపెనీ వేరే కంపెనీ అయిపోతుందని ఇద్దరూ అనుకుంటున్నారు. ఆ మార్పు వల్ల బాకీ పోతుందని ఒకరు ఆశపడుతుంటే, లైసెన్సు పోతుందని మరొకరు దిగులు పడుతున్నారు. నిజానికి రెండూ జరగవు. చట్టం దృష్టిలో కంపెనీ ఒక వ్యక్తి. ఆ వ్యక్తి ఇల్లు మారినా, పేరు మార్చుకున్నా, నిన్నటి హక్కులూ నిన్నటి అప్పులూ ఆ వ్యక్తివే. 1956 నాటి కంపెనీల చట్టం ఈ మాటను స్పష్టంగా రాసింది, 2013 చట్టం వచ్చాక కూడా న్యాయస్థానాలు ఇదే సూత్రాన్ని పాటిస్తున్నాయి. కాంట్రాక్టరు పాత పేరు మీద ఇచ్చిన బిల్లుకు కొత్త పేరుతో డబ్బు కట్టవలసిందే, పాత పేరు మీద వచ్చిన లైసెన్సు కొత్త పేరుతో కొనసాగవలసిందే.

కాబట్టి మీ ముందున్నవి మూడు వేర్వేరు పనులు. ఆఫీసు మార్పు ఒకటి, పేరు మార్పు మరొకటి, లైసెన్సును వేరే కంపెనీకి బదిలీ చేయడం ఇంకొకటి. మూడవది మీరు తలపెట్టడం లేదు. దానికి 1957 నాటి గనులు, ఖనిజాల చట్టం కింద రాష్ట్ర ప్రభుత్వ ఆమోదం ముందుగా తీసుకోవాలి, ఆ దారి వేరు. మీ మేనల్లుడు విన్నది బహుశా ఆ బదిలీ సంగతి అయి ఉంటుంది. అయితే కంపెనీ పేరు మారినప్పుడు ఆ సంగతిని ప్రభుత్వానికి నిర్ణీత గడువులో తెలియజేయాలని ఖనిజ రాయితీల నిబంధనలు కోరుతున్నాయి కనుక, అతని భయాన్ని పూర్తిగా కొట్టిపారేయకండి. పేరు మార్చి ఎవరికీ చెప్పకుండా ఊరుకుంటే అప్పుడు చిక్కు వస్తుంది.

ఆఫీసు మారితే గని మారదు అన్నది మన ప్రాంతంలో వేరే చెప్పనక్కరలేదు. చీపురుపల్లి, గరివిడి, కోడూరు వైపు మాంగనీసు తవ్వకాలను తరతరాలుగా చూస్తున్నవాళ్లం. ఖనిజం ఎక్కడుంటే తవ్వకం అక్కడే, కాగితాలుండే చోటు మాత్రం వేరు కావచ్చు. కోలారులో తొలినాళ్లలో బంగారం తవ్విన మైసూర్, ఛాంపియన్ రీఫ్, ఊరిగాం, నందిదుర్గ్ కంపెనీలు లండన్‌లో నమోదైనవి. ఇక కర్ణాటకలోని హట్టి బంగారు గని సంగతి మీకు మరింత దగ్గరగా ఉంటుంది. ఆ కంపెనీ 1947లో నిజాం రాజ్యంలో హైదరాబాద్ గోల్డ్ మైన్స్ అనే పేరుతో మొదలైంది. రాష్ట్రాల పునర్విభజనతో రాయచూరు మైసూరు రాష్ట్రంలో కలిసింది. నేడు అది హట్టి గోల్డ్ మైన్స్ పేరుతో కర్ణాటక ప్రభుత్వ సంస్థగా నడుస్తోంది, కార్పొరేట్ కార్యాలయం బెంగళూరులో ఉంది. రాజ్యం మారింది, పేరు మారింది, ఆఫీసు మారింది, గని మాత్రం రాయచూరు జిల్లాలో ఉన్నచోటనే ఉంది. మీ మరిదిగారి ఆలోచన అసాధారణమైనదేమీ కాదని చెప్పడానికే ఈ ఉదాహరణ.

ఆఫీసును విజయనగరానికి తేవడం మంచి నిర్ణయమనే నా అభిప్రాయం. వాటాదారుల్లో ఎక్కువమంది ఇక్కడివారే అయితే, సమావేశానికి రావడానికీ, రిజిస్టర్లు తిరగేసి చూసుకోవడానికీ వీలుంటుంది. అద్దె మిగులుతుంది. పేరు మార్పు విషయంలో మాత్రం ఒక ప్రశ్నకు జవాబు వచ్చేదాకా ఆగమంటాను. ఆ ప్రశ్న, ఎందుకు మారుస్తున్నారన్నది. పాత పేరులో హైదరాబాదులోని ఒక పేట పేరు ఉందనో, మరొక కంపెనీ పేరుతో పొరబడుతున్నారనో చెబితే అది సరైన కారణమే. బాకీల తలనొప్పి తగ్గుతుందన్నది కారణమైతే, దానికి మీరు చేయి కలపకూడదు. ఆ ఉద్దేశంతో చేసిన పని రేపు కోర్టులో మోసంగా కనబడుతుంది, డైరెక్టరుగా సంతకం పెట్టిన మీరు కూడా అందులో భాగస్తులవుతారు.

మీ సంగతితో మొదలుపెడతాను, ఎందుకంటే అందరూ మరచిపోయేది అదే. మీవారికి 18 శాతం ఉందని రాశారు, మీకు ఉందని రాయలేదు. ఆ వాటాలు మీ పేరు మీదకు మారాయా? డైరెక్టరుగా నియమించడం వేరు, వాటాదారుగా సభ్యుల రిజిస్టరులో పేరు ఎక్కడం వేరు. మరణించినవారి వాటాలు నామినీకి గానీ వారసులకు గానీ చేరడానికి కంపెనీకి దరఖాస్తు పెట్టుకోవాలి, మరణ ధ్రువపత్రం, వారసత్వానికి సంబంధించిన పత్రాలు జతచేయాలి. ఆ పని జరగకపోతే సర్వసభ్య సమావేశంలో ఆ 18 శాతం మీద మీరు ఓటు వేయలేకపోవచ్చు. అందుకని ముందుగా సభ్యుల రిజిస్టరు చూపించమని అడగండి. డైరెక్టరుగా అది మీ హక్కు, మొహమాటపడవద్దు.

ఈ లెక్క ఎందుకు ముఖ్యమో చెబుతాను. హైదరాబాదు నుంచి విజయనగరానికి మారడమంటే ఒక రాష్ట్రం నుంచి మరొక రాష్ట్రానికి మారడం. దానికీ, పేరు మార్పుకూ, రెండింటికీ ప్రత్యేక తీర్మానం కావాలి. అనుకూలంగా పడిన ఓట్లు వ్యతిరేకంగా పడినవాటికి కనీసం మూడు రెట్లు ఉంటేనే ప్రత్యేక తీర్మానం నెగ్గుతుంది. అందరూ ఓటు వేస్తే, మీరు ఒక్కరే వ్యతిరేకించినా 82కు 18 పడి తీర్మానం నెగ్గుతుంది. మీరు, మీ మేనల్లుడు కలిసి వ్యతిరేకిస్తే 70కి 30 పడుతుంది, 30కి మూడు రెట్లు 90 కనుక తీర్మానం వీగిపోతుంది. వ్యతిరేకించమని నేను చెప్పడం లేదు. మీ ఇద్దరి మాట వినకుండా మీ మరిదిగారు ముందుకు పోలేరన్న సంగతి మీకు తెలిసి ఉంటే, ఇంట్లో మాట్లాడుకునేటప్పుడు గొంతు పెంచనక్కరలేకుండానే మీ మాటకు విలువ ఉంటుంది.

సమావేశానికి మామూలుగా ఇరవై ఒక్క పూర్తి రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ప్రైవేటు కంపెనీ కాబట్టి మీ కంపెనీ నియమావళిలో (ఆర్టికల్స్‌లో) వేరుగా ఉండవచ్చు, చూసుకోండి. ఆ నోటీసుతో పాటు వివరణ పత్రం ఒకటి జతచేయాలని చట్టం కోరుతుంది. ఈ మార్పు ఎందుకు చేస్తున్నారో, ఇందులో డైరెక్టర్లకు సొంత ప్రయోజనం ఏమైనా ఉందో ఆ పత్రంలో రాయాలి. మీ ఇంటి గదిని ఆఫీసుకు ఇస్తున్నారు గనుక ఆ విషయం కూడా అందులో ఉండాలి. మీ మరిదిగారిని నేరుగా నిలదీయడం కష్టమనిపిస్తే, ‘ఈ వివరణ పత్రం చిత్తుప్రతిని ముందుగా నాకు పంపండి, చదివాకనే సంతకం చేస్తాను’ అని ఆయనతో చెప్పండి. పేరు మార్పుకు కారణమేమిటన్న ప్రశ్నకు ఆయన అక్షరాలా జవాబు రాయవలసి వస్తుంది. బాకీల మాట కాగితం మీద రాయడం ఎవరికీ ఇష్టముండదు. రాసే కారణం ఏదైనా దానికి తర్వాత ఆయన కట్టుబడి ఉండాలి.

ఇక లెక్కలు. రెండేళ్లుగా వార్షిక రిటర్నులు, ఆర్థిక నివేదికలు దాఖలు చేయని కంపెనీ పేరు మార్చుకోవడానికి నిబంధనలు అనుమతించవు. కాబట్టి ముందుగా అవి దాఖలు చేయక తప్పదు. ఆలస్యానికి ఒక్కొక్క ఫారానికి రోజుకు వంద రూపాయల చొప్పున అదనపు రుసుం పడుతుంది, అంటే ఒక ఫారం ఒక ఏడాది ఆలస్యమైతేనే 36,500 రూపాయలు. రెండు ఫారాలు, రెండేళ్లు అని లెక్కవేసుకుంటే హైదరాబాదు అద్దె ఆదా మాట మరచిపోవలసినంత మొత్తమవుతుంది. ఇంకా ఆగితే వరుసగా మూడేళ్లు దాఖలు చేయని కంపెనీ డైరెక్టర్లు అనర్హులయ్యే ప్రమాదం ఉంది, వారిలో మీరూ ఉంటారు. ఈ ఒక్క కారణం చాలు, మిగతా చర్చలన్నీ ఆపి ఈ నెలలోనే ఆడిటరును కూర్చోబెట్టమని అడగడానికి.

ఆఫీసు మార్పుకు కేంద్ర ప్రభుత్వం తరఫున కంపెనీ వ్యవహారాల శాఖ ప్రాంతీయ డైరెక్టరు అనే అధికారి ఆమోదం ఇవ్వాలి. తీర్మానం తర్వాత ముప్పై రోజుల్లో దాన్ని కంపెనీల రిజిస్ట్రారుకు ఎంజీటీ-14 ఫారంలో పంపి, ఐఎన్‌సీ-23 ఫారంలో దరఖాస్తు చేస్తారు. ఫారాల సంఖ్యలు మీ కంపెనీ సెక్రటరీకి తెలిసినవే, మీరు గుర్తుపెట్టుకోనక్కరలేదు. మీరు కళ్లు తెరిచి చూడవలసిన కాగితం ఒక్కటే. అది రుణదాతల జాబితా. కంపెనీ ఎవరెవరికి ఎంతెంత బాకీ ఉందో పేర్లతో, చిరునామాలతో, మొత్తాలతో ఆ జాబితాలో రాయాలి. దరఖాస్తుకు నెల రోజులకు మించని తేదీ నాటి లెక్క అయి ఉండాలి. అది నిజమని, పూర్తి అని మేనేజింగ్ డైరెక్టరుతో సహా ఇద్దరు డైరెక్టర్లు అఫిడవిట్ ఇవ్వాలి. మీ మరిదిగారు మొదటి సంతకం అయితే, రెండవ సంతకం మీదే అవుతుందని నా అనుమానం. మిమ్మల్ని పెట్టమంటున్న కాగితాల్లో ఇది తప్పక ఉంటుంది.

డ్రిల్లింగు కాంట్రాక్టరు పద్నాలుగు లక్షలు ఆ జాబితాలో ఉండాలి. లేకపోతే అది తప్పుడు వాంగ్మూలం, కంపెనీల చట్టం దాన్ని మోసంతో సమానంగా శిక్షిస్తుంది. జాబితాలో ఉన్న ప్రతి రుణదాతకూ రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపాలి. ఇరవై ఒక్క రోజుల్లోగా ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. రుణదాతలు ఒప్పుకున్నారని గానీ, వారి బాకీలు తీర్చడానికి తగిన ఏర్పాటు జరిగిందని గానీ నమ్మకం కలిగిన తర్వాతనే ప్రాంతీయ డైరెక్టరు ఆమోదిస్తారు. బాకీ తప్పించుకోవడానికి ఊరు మారతామంటే చట్టం మొదటి మెట్టు దగ్గరే ఆపుతుంది. ఈ మాట మీ మరిదిగారికి నెమ్మదిగా చెప్పండి. ఆయనకు తెలియకపోవడం వల్ల అలా అన్నారేమో, తెలిశాక మానుకోవచ్చు.

ఆ కాంట్రాక్టరు సూక్ష్మ లేదా చిన్న సంస్థగా నమోదై ఉంటే మరొక భారం కూడా ఉంది. 2006 నాటి చట్టం ప్రకారం అలాంటివారికి ఒప్పందంలో రాసుకున్నా గరిష్ఠంగా నలభై ఐదు రోజుల్లో డబ్బు చెల్లించాలి. లేకపోతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చొప్పున చక్రవడ్డీ పడుతుంది. మీరు రాసిన పద్నాలుగు లక్షలు అసలో, వడ్డీతో కలిపో చూడండి. ఆయనను పిలిచి వాయిదాల మీద ఒప్పందం రాసుకుని, ఆఫీసు మార్పుకు అభ్యంతరం లేదని ఆయన చేతనే కాగితం తీసుకుంటే, దరఖాస్తు సగం దారి దాటినట్టే.

రుణదాతలంటే కాంట్రాక్టరు, బ్యాంకు మాత్రమే అనుకోకండి. డ్రిల్లింగు యంత్రం వెళ్లడానికి ఎవరి వేరుశనగ చేలో దారి తీశారు? ఎవరి పంట తొక్కారు? అన్వేషణ వల్ల భూమి మీద ఉన్నవారికి జరిగిన నష్టానికి పరిహారం ఇవ్వవలసిన బాధ్యతను గనుల చట్టమే లైసెన్సుదారు మీద పెట్టింది. ఆ రైతులకు మాట ఇచ్చి ఇవ్వని డబ్బు ఏదైనా మిగిలి ఉంటే అది కూడా జాబితాలో రాయించండి. ఆ రైతులు రిజిస్ట్రారు వెబ్‌సైటు చూడరు, ఆంగ్ల పత్రిక చదవరు. కంపెనీ పేరు మారిపోయి, ఆఫీసు వందల కిలోమీటర్ల దూరాన విజయనగరానికి వచ్చేస్తే, తమ బాకీ ఎవరిని అడగాలో కూడా వారికి తెలియదు. ఈ ప్రశ్నలో నాకు అన్నిటికంటే బాధ కలిగించేది వారి సంగతే. ప్రస్తుతం ఆఫీసు ఉన్న జిల్లాలో తెలుగు పత్రికలో ఒకటి, ఆ రాష్ట్రంలో విరివిగా చదివే ఆంగ్ల పత్రికలో ఒకటి ప్రకటన ఇస్తే చట్టానికి సరిపోతుంది. మీరు మరొక అడుగు వేసి అనంతపురం ఎడిషనులో కూడా తెలుగు ప్రకటన వేయించండి, ఊళ్లో పంచాయతీ నోటీసు బోర్డు మీద ఒక ప్రతి అంటించమని కోరండి. ఖర్చు కొద్దిపాటిది.

రెండు మార్పులూ ఒకేసారి చేయాలా, ఒకదాని తర్వాత ఒకటి చేయాలా? చాలామంది ఒకే సమావేశంలో రెండు తీర్మానాలూ చేసేస్తారు, ఖర్చు కలిసి వస్తుందని. నా సలహా అది కాదు. ముందు పాత పేరుతోనే ఆఫీసు మార్చండి. నోటీసు అందుకున్న కాంట్రాక్టరు, రైతు, బ్యాంకు, అందరికీ తాము ఎరిగిన పేరే కనబడాలి. పేరు ముందు మారిస్తే, ఎరగని పేరుతో వచ్చిన నోటీసును ఎవరూ పట్టించుకోరు. పైగా ఇప్పటికే ఉన్న కంపెనీ కొత్త పేరును కేటాయించుకుంటే ఆ కేటాయింపు అరవై రోజులే నిలుస్తుంది. ప్రాంతీయ డైరెక్టరు ఉత్తర్వు ఆలోగా వస్తుందన్న భరోసా లేదు. దరఖాస్తు రుసుం వెయ్యి రూపాయలే కావచ్చు, మీరు ఎంచుకున్న పేరు ఈలోగా ఇంకెవరో తీసుకుంటే మళ్లీ మొదటికి వస్తుంది. లెటర్‌హెడ్లు రెండుసార్లు అచ్చు వేయించవలసి వస్తుందన్నది నిజమే, ఆ ఖర్చుకు వెనకాడకండి.

ఉత్తర్వు వచ్చాక విజయవాడలోని కంపెనీల రిజిస్ట్రారు కొత్త ధ్రువపత్రం ఇస్తారు. కంపెనీ గుర్తింపు సంఖ్యలో ఇరవై ఒక్క అక్షరాలూ అంకెలూ ఉంటాయి, వాటిలో రెండక్షరాలు రాష్ట్రాన్ని తెలుపుతాయి. 2011లో మీ కంపెనీ పుట్టినప్పుడు అక్కడ ఆంధ్రప్రదేశ్ సంకేతమే ఉండి ఉంటుంది, రాష్ట్రం విడిపోయాక తెలంగాణ సంకేతం వచ్చి ఉంటుంది, ఇప్పుడు మళ్లీ ఆంధ్రప్రదేశ్‌ది వస్తుంది. చివరి ఆరంకెల నమోదు సంఖ్య కూడా కొత్తది కావచ్చు కనుక పాత ధ్రువపత్రాలను పారేయక వరుసగా ఒకే ఫైలులో ఉంచండి. పాన్ మారదు. జీఎస్టీ మాత్రం రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది, తెలంగాణది 36తో, మనది 37తో మొదలవుతుంది. పనులు అనంతపురం వైపు జరిగాయి గనుక 37 రిజిస్ట్రేషన్ ఇప్పటికే ఉండవచ్చు. ఉంటే విజయనగరం చిరునామా దానిలో చేర్చి, 36ను రద్దు చేసుకోవచ్చు. రద్దుకు ముందు ఆ ఖాతాలో మిగిలిన ఇన్‌పుట్ క్రెడిట్ (కొనుగోళ్ల మీద కట్టిన పన్నుకు వచ్చే జమ) సంగతి అకౌంటెంటుతో తేల్చుకోండి.

మన జిల్లాల్లో చిరునామా మార్పు కొత్తేమీ కాదు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారినప్పుడు రాజాం శ్రీకాకుళం జిల్లా నుంచి విజయనగరం జిల్లాలోకి వచ్చింది. అక్కడి కంపెనీల గుమ్మం అంగుళం కదలకుండానే లెటర్‌హెడ్ల మీద జిల్లా పేరు మారింది. ఆ అనుభవాన్ని గుర్తుచేసుకుని కొందరు మీ మార్పును కూడా అంతే తేలిగ్గా భావిస్తారు. అది వేరు, ఇది వేరు. మీది రాష్ట్రం దాటే మార్పు.

పేరు మార్పుకు వచ్చేసరికి, ఆఫీసు స్థిరపడి, రిటర్నులన్నీ దాఖలై, కాంట్రాక్టరుతో ఒప్పందం కుదిరాక మొదలుపెట్టండి. కొత్త ధ్రువపత్రం చేతికి వచ్చిన రోజు నుంచే కొత్త పేరు చెల్లుతుంది, తీర్మానం చేసిన రోజు నుంచి కాదు. ఈలోగా ఎవరూ కొత్త పేరుతో సంతకాలు చేయకూడదు. పేరు ఎలాంటిదైనా పెట్టుకోండి, ఉన్న కంపెనీ పేరుకో, మరొకరి ట్రేడ్‌మార్కుకో దగ్గరగా ఉండకూడదు. నా సొంత అభిప్రాయం ఒకటి చెబుతాను. ఇంకా గ్రాము బంగారం తీయని కంపెనీ తన పేరులో బంగారు నిధి, స్వర్ణభాండాగారం వంటి మాటలు పెట్టుకోకపోవడమే మంచిది. బంగారు ఖనిజంలో టన్ను రాతికి కొన్ని గ్రాములే ఉంటాయి, అవైనా ఉన్నాయో లేవో తేలడానికి ఏళ్లు పడుతుంది. అన్వేషణ అన్న మాట పేరులో ఉంటే, డబ్బు పెట్టే బంధువులకు తాము దేనిలో పెడుతున్నారో మొదటి చూపులోనే తెలుస్తుంది.

పేరు మారిన తర్వాత రెండేళ్ల పాటు బోర్డు మీద, లెటర్‌హెడ్ల మీద, బిల్లుల మీద కొత్త పేరుతో పాటు పాత పేరు కూడా రాయాలని కంపెనీల చట్టం చెబుతోంది. ఈ నిబంధన నాకు ఎంతో నచ్చుతుంది. రాయచూరు జిల్లాలోని మస్కిలో రాతి మీద చెక్కిన ప్రాచీన శాసనాన్ని 1915లో గుర్తించినది బంగారు గనుల పని మీద తిరుగుతున్న ఒక ఇంజనీరు. అంతకుముందు దొరికిన శాసనాల్లో దేవానాంపియ పియదసి అన్న బిరుదులే ఉండటం వల్ల వాటిని వేయించిన రాజు ఎవరన్న సందేహం నిలిచి ఉండేది. మస్కిలో బిరుదు పక్కనే అశోకుడన్న పేరు ఉండటం వల్ల ఇద్దరూ ఒక్కరేనని ధ్రువపడింది. మీ కంపెనీ పాత పేరు పక్కన ఉంటేనే అనంతపురం రైతుకు కొత్త పేరు ఎవరిదో తెలుస్తుంది.

గనుల వైపు చేయవలసిన పనిని మరచిపోవద్దు. రాష్ట్ర గనులు, భూగర్భ శాఖకు కొత్త ధ్రువపత్రం ప్రతితో ఉత్తరం పంపి, లైసెన్సు రికార్డుల్లో పేరు మార్చమని కోరి, అందినట్లు రసీదు తీసుకోండి. నాగపూరు కేంద్రంగా ఉన్న భారతీయ గనుల బ్యూరోలో రిజిస్ట్రేషన్ ఉంటే అక్కడా మార్పించాలి. అన్నిటికంటే జాగ్రత్తగా చూడవలసినది లైసెన్సు కోసం ఇచ్చిన బ్యాంకు గ్యారంటీ, అంటే కంపెనీ షరతు తప్పితే డబ్బు తాను కడతానని బ్యాంకు రాసిచ్చిన హామీ. చాలా ఏళ్ల క్రితం టెక్కలి వైపు ఒక గ్రానైటు కంపెనీ లెక్కలు నేను చూసేవాణ్ణి. పేరు మార్పు అన్నిచోట్లా నమోదు చేయించాం, బ్యాంకు గ్యారంటీ మాత్రం పాత పేరుతోనే మిగిలింది. గడువు పొడిగించే రోజు వచ్చేసరికి బ్యాంకు కొత్త పేరుతో ఇస్తానంది, గనుల శాఖ పాత పేరుతోనే కావాలంది. ఆ మధ్యలో గడువు దాటిపోయింది, సరిదిద్దుకోవడానికి ఆరు నెలలు తిరిగాం. ఆ తప్పు నాదే, జాబితా రాసుకోకపోవడం వల్ల జరిగింది. మీరు గ్యారంటీ సవరణ పత్రాన్ని ధ్రువపత్రం వచ్చిన వారంలోనే తీసుకోండి.

మరొక మాట, ఇది బంగారు అన్వేషణకు ప్రత్యేకమైనది. డ్రిల్లింగులో బయటికి తీసిన రాతి కోర్లను (కడ్డీల్లాంటి రాతి నమూనాలను) పెట్టెల్లో పేర్చి, బావి సంఖ్య, లోతు రాసి పెడతారు. ఆ పెట్టెల మీదా, పరీక్షశాల నివేదికల మీదా ఉన్న పాత పేరును ఎవరూ కొట్టివేయకూడదు, కొత్త చీటీలు అంటించకూడదు. 1997లో కెనడాకు చెందిన బ్రి-ఎక్స్ కంపెనీ ఇండొనేషియాలోని బుసాంగ్ వద్ద నమూనాల్లో బయటి బంగారం కలిపిన సంగతి బయటపడింది. నమూనాల రికార్డులో చిన్న దిద్దుబాటు కనబడినా ఈ రంగంలో అందరికీ మొదట అదే గుర్తుకు వస్తుంది. కోర్ పెట్టెలూ, నివేదికలూ మీ కంపెనీకున్న అసలైన ఆస్తి. ఆఫీసు మారుతున్న సందర్భంగా అవి ఎక్కడ, ఎవరి సంరక్షణలో ఉన్నాయో రాసి సంతకాలు తీసుకోండి. హైదరాబాదు ఆఫీసు ఖాళీ చేసేటప్పుడు పాత కాగితాలని వాటిని తూకానికి అమ్మేసే ప్రమాదం ఉంది, ఆ రోజు మీ మేనల్లుణ్ణి అక్కడ ఉండమనండి.

చివరగా మీ ముందు గది. ఇంటి యజమానిగా అభ్యంతరం లేదన్న పత్రం, రెండు నెలలకు మించని కరెంటు బిల్లు వంటి ఆధారం అడుగుతారు. ఇవ్వండి, అయితే ఊరికే ఇవ్వకండి. కంపెనీతో అద్దె ఒప్పందం రాసుకోండి, నామమాత్రపు అద్దె అయినా సరే, ఎన్నాళ్లకో, ఎలా ముగించవచ్చో అందులో ఉండాలి. మీ ఇల్లు రిజిస్టర్డ్ ఆఫీసు, అంటే కంపెనీ అధికారిక చిరునామా, అయిన రోజు నుంచి కోర్టు సమన్లు, శాఖల నోటీసులు, కాంట్రాక్టరు డిమాండు ఉత్తరాలు అన్నీ మీ గుమ్మానికే వస్తాయి. అక్కడ అందజేస్తే కంపెనీకి అందినట్టే లెక్క, మీరు తీర్థయాత్రలో ఉన్నారన్న కారణం చెల్లదు. పోస్టుమ్యాన్ తెచ్చిన ప్రతి కవరునూ తేదీతో రాయడానికి ఒక పుస్తకం పెట్టండి, అదే రోజు ఫోటో తీసి మీ మరిదిగారికీ ఆడిటరుకూ పంపండి. గుమ్మం మీద బోర్డు ఆంగ్లంలో రాయిస్తే సరిపోదు, స్థానిక భాష లిపిలో కూడా ఉండాలని చట్టంలోనే ఉంది. తెలుగులో పెద్ద అక్షరాలతో రాయించండి, పేరు మారాక పాత పేరుకు కింద తగినంత చోటు వదలమని పెయింటరుకు ముందే చెప్పండి.